జంట నక్షా

పేర్రాజు చెప్పులు విడిచి, పంచె కాస్త పైకెత్తి, నేల మీద వెలుగు గీతలు ఖాళీ వదిలిన చోట లోపలికి అడుగుపెట్టాడు. అది ఇంకా కట్టని ఇంటి గుమ్మం. చుట్టూ ఖాళీ స్థలం, ఓ మూల గోడలు పోసే పోతయంత్రం. ఆయన వెనకాలే మేనకోడలు దివిజ వచ్చింది.

"వంటగది పర్లేదండి," అన్నాడు పేర్రాజు. "హాలు కూడా బానే ఉంది. మరి అసలు గోడ ఎప్పుడు పడుద్దండి?"

"చేతులు పెట్టాలి కదండీ," అన్నాడు నూకరాజు. పెళ్లికొడుకు అభిరామ్ తండ్రి ఆయనే. కొడుకుని పక్కన నిలబెట్టుకుని నవ్వుతున్నాడు.

"గోడ మాత్రం చూసి వెయ్యమనండి మీ యంత్రాన్ని. మా పిల్లకి ఏనుగుని కడిగేంత బాత్రూం వద్దు."

"మా వంశంలో అంత బాత్రూం ఎవరికీ పడలేదండి. మా నాన్న డెబ్బై దాటాక కూడా రేవులో బస్తాలు మోశాడు. మీ బావగారే, పాపం, తొందరగా పోయారు."

పేర్రాజు నవ్వు ఆపేశాడు. తండ్రి మాట వచ్చేసరికి దివిజ తల తిప్పి పోతయంత్రం వైపు చూసింది.

పూర్వం ఇల్లు కట్టుకునేవాడు పడగ్గది ఎంత, స్నానాలగది ఎంత అని మేస్త్రీతో కొట్లాడేవాడు. పడగ్గదికి ఎక్కువిస్తే కమోడు మీద కూర్చున్నవాడి మోకాళ్లు తలుపుకి తగిలేవి. స్నానాలగదికి ఎక్కువిస్తే మంచం పడ్డాక బీరువా తెరుచుకునేది కాదు. ఆ గొడవంతా గృహగణని అనే కొలతల యంత్రం వచ్చి తీర్చేసింది. పుట్టినప్పటి నుంచి మనిషి ఒంట్లో జరిగేదంతా దేహలెక్కలో పడుతూ ఉంటుంది. ముందు ముందు ఏమొస్తుందో కూడా ఆ లెక్కకి తెలుసు. చేతిపలక మీద అరచెయ్యి పెడితే గృహగణని ఆ లెక్క చదివి, అరవయ్యేళ్లకి సరిపోయేలా గదులు విడగొడుతుంది. స్థలం అందరికీ ఒకటే కాబట్టి స్నానాలగది పెరిగిన మేరకి పడగ్గది తరుగుతుంది.

ఎవరి దేహలెక్కా ఎవరికీ చెప్పకూడదని, ఆ మనిషికి కూడా చెప్పకూడదని చదువుకున్నవాళ్లు చట్టం రాశారు. చదువులేనివాళ్లు ఆ లెక్కని గోడల్లో చదవడం నేర్చుకున్నారు. స్నానాలగది పెద్దదైతే చక్రాల కుర్చీ తిరగాలని అర్థం. ఇప్పుడు పెళ్లిచూపుల్లో జాతకం అడిగేవాడు లేడు. జంట చేత చేతులు పెట్టించి, జంట నక్షా గీయించి, పడగ్గదికీ స్నానాలగదికీ మధ్య గోడ ఎక్కడ పడుతుందో చూస్తారు. ఇద్దరి లెక్కా కలిపి ఒకే గీత వస్తుంది గనక ఎవరి గుట్టూ బయటపడదని చట్టం రాసినవాళ్ల ధీమా. కాని ఒకరు చెయ్యి ముందు తీసేస్తే గీత రెండోవాళ్ల లెక్కకి జరుగుతుంది. ఆ కిటుకు పకోడీల బండివాడికి కూడా తెలుసు.

అభిరామ్, దివిజ పక్కపక్కన నిలబడి పలక మీద చేతులు పెట్టారు.

గీత మధ్యలో మొలిచింది. కాసేపు వణికి పడగ్గది వైపు జరగడం మొదలుపెట్టింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. బీరువా పట్టే చోటు పోయింది. కిటికీ సగం అటుపక్కకి పోయింది. గీత ఆగేసరికి స్నానాలగదే పెద్దది.

పేర్రాజు పడగ్గదిలో మిగిలిన చోటు అడుగులతో కొలిచాడు.

"బస్తాలు మోశాడన్నారు," అన్నాడు పేర్రాజు నెమ్మదిగా.

"మావాడిదని ఎవరు చెప్పారండి మీకు?"

"అయితే మీవాడిని ఉండమనండి. మా పిల్ల చెయ్యి తీస్తుంది. తేలిపోద్ది."

"ఎందుకుండాలి? మీ పిల్లనే ఉంచండి. మావాడు తీస్తాడు."

"ఆడపిల్ల గుట్టు నడివీధిలో పెట్టమంటారా?"

"మగాడికి గుట్టుండదా?"

పెద్దవాళ్లు అరుచుకుంటుంటే దివిజ తల తిప్పకుండా, పక్కవాడికి మాత్రమే వినపడేలా అంది. "ఎవరిదైనా నాకు పర్లేదండి. మీకు?"

అభిరామ్ కూడా అంతే మెల్లగా అన్నాడు. "నాకూ పర్లేదు."

"అయితే ఇద్దరం ఒక్కసారే తీసేద్దాం. ఎవరిదో వీళ్లకి తెలియక్కర్లేదు. మనకీ తెలియక్కర్లేదు. మూడు అనగానే."

అతను తలూపాడు.

నూకరాజుకి ఆ మాటలు వినపడలేదు గాని, పిల్ల పెదవులు కదలడం, కొడుకు తలూపడం కనపడ్డాయి. ఏదో ఒప్పందం జరుగుతోందని అర్థమైంది. రేపు ఎవరిదో తేలని గోడ వెనకాల కొడుకు జీవితాంతం ఎవరినో ఎత్తి కూర్చోబెడుతూ ఉండటం ఆయన కళ్ల ముందు మెదిలింది. ఆ ఎవరో ఆ పిల్లేనని ఆయనకి ఇసుమంత అనుమానం లేదు. కొడుకు కళ్లలోకి చూసి గడ్డం కొంచెం పైకెత్తాడు. చిన్నప్పటి నుంచి ఆ సైగకి అర్థం ఒకటే, నేను చెప్పినట్టు విను. మావాడు తీస్తాడని ఆయన ఇందాకే అన్నాడు.

"ఒకటి," అంది దివిజ.

అభిరామ్ తండ్రినే చూస్తున్నాడు.

"రెండు."

అతని చెయ్యి లేచింది.

గీత కదిలింది. వచ్చినంత నిదానంగా కాదు, చాలా వేగంగా, స్నానాలగది వైపే వెనక్కి వెళ్లిపోయింది. కిటికీ మొత్తం పడగ్గదికి వచ్చింది. బీరువాకి చోటు వచ్చింది. పలక మీద దివిజ చెయ్యి ఒక్కటే ఉంది.

"మూడు," అంది ఆమె. అప్పుడు తీసింది.

పేర్రాజు గట్టిగా ఊపిరి వదిలాడు. "పద తల్లీ. బతికిపోయాం."

దివిజ గుమ్మం దాటి బయటికొచ్చింది. చెప్పులేసుకుని నూకరాజు దగ్గర ఆగింది. "ఆ గది ఎంత పెద్దదైనా నేను చేసుకుందునండి. మీ అబ్బాయి మూడు దాకా ఆగలేదు."

వాళ్ల బండి మలుపు తిరిగేదాకా తండ్రీకొడుకులు అలాగే నిలబడ్డారు.

"నాన్నా," అన్నాడు అభిరామ్. "నాకేమొస్తుంది?"

"ఏమీ రాదురా. యంత్రం తప్పు చెప్పింది."

"ఎప్పుడొస్తుంది?"

నూకరాజు పలక దగ్గరికి వెళ్లి అదే అడిగాడు. ఆ వివరం చెప్పడానికి అనుమతి లేదని మర్యాదగా జవాబు వచ్చింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే మర్యాద. మూడోసారి పలకని అరచేత్తో కొట్టాడు.

అభిరామ్ వచ్చి తండ్రి చెయ్యి పక్కకి తప్పించి, తన చెయ్యి పెట్టాడు. ఒంటరి మనిషికైనా ఇల్లు కావాలి గనక గృహగణని ఒంటి నక్షా గీసింది. పడగ్గదిలో ఒక్క మంచం పట్టే చోటు. స్నానాలగదిలో మాత్రం రెండు గుర్తులు వెలిగాయి. ఒకటి కూర్చునే మనిషిది, రెండోది పక్కన నిలబడే మనిషిది.

"ఆ రెండోది ఎవరు?" అన్నాడు నూకరాజు.

"నీళ్లు పోసే మనిషి," అంది గృహగణని.

"ఆ మనిషి పడుకోవడానికి?"

"ఆ మనిషి అరచెయ్యి పెట్టలేదు," అంది.

నూకరాజు వెళ్లి ఆ రెండో గుర్తు మీద నిలబడ్డాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. కొడుక్కి ఇరవై ఆరు. ఆయన వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు.