కప్పు మీది పలక

ఇష్‌ముల్ శిథిలాల కాపలాదారు తొరీబియోను పట్టపగలే కాల్చి చంపారు. చంపినవాళ్లు అతని సంచిలోని రొట్టెలు తిని, చేతులు అతని చొక్కాకే తుడుచుకున్నారు.

ఫొటో చూసి ఏజెంట్ ఎవెలియో చయాష్ మొహం తిప్పుకున్నాడు. ఎవరో పుణ్యాత్ముడు శవం మొహం మీద టోపీ కప్పాడు. అదొక్కటే కాస్త నయం.

"ముఠా నాయకుడు క్రెల్. విదేశీయుడు, వంతెనలు కట్టే ఇంజనీరు," అన్నాడు చీఫ్ రొసాదో. "శిలాఫలకం మీది రాణి మొహాన్ని రంపంతో కోశాడు. రేపు మధ్యాహ్నం విమానం. సరిహద్దు దాటిందా, రాణిని మళ్లీ చూడం."

"నా వేషం?"

"కొనేవాళ్లు పంపిన ప్రొఫెసర్ ఓచోవా. ముఠాలో మన మనిషి ఉంది, మీర్తాలా. 'అంబలిలో చక్కెర వేస్తారా?' అని అడుగు. 'మా ఇంట్లో ఉప్పే' అంటుంది. ట్రాన్స్‌మిటర్ ఫ్లాస్కు అడుగున ఉంది. రాయి విమానం ఎక్కాక సిగ్నల్ ఇవ్వు. మన లారీలు రన్‌వే పక్కనే అడవిలో ఉంటాయి. తొందరపడకు అబ్బాయ్, ముందే కదిలితే వాడు చేతులు దులుపుకుంటాడు."

మర్నాడు మీర్తాలా తెల్లటి దుస్తుల్లో, అడవంతా సెంటు వాసనతో ఎదురొచ్చింది. "మా ఇంట్లో ఉప్పే," అని నవ్వి, పాత రాజభవనంలోని ఒక గదిలోకి తీసుకెళ్లింది.

లోపల గబ్బిలాల కంపు, డీజిల్ కంపు. మూలన సమాధిలోంచి లాగి పారేసిన ఎముకలు. పుర్రె కంటి గుంటలో ఎవడో సిగరెట్ ఆర్పాడు. ఎవెలియో వంగి ఆ పీకను తీసి పారేశాడు.

"నచ్చలేదా ప్రొఫెసర్?" గుమ్మంలో క్రెల్, చేతిలో పిస్తోలు. "లేక చయాష్ అని పిలవాలా?"

ఎవెలియో మీర్తాలా వైపు చూశాడు.

"అలా చూడకు. ఇద్దరికీ పనిచేస్తాను. ఇవాళ వీళ్ల వంతు." బయటికెళ్తూ అతని ఫ్లాస్కును కాలితో లోపలికి తోసింది. "చచ్చేవాడికి నీళ్లైనా ఉండనీ."

గుమ్మాన్ని బండలతో మూసేశారు. ఎవెలియో ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. గదికన్నా గోడల మందమే ఎక్కువ. సిగ్నల్ గడప దాటదు.

చేసేదిలేక ఎముకలన్నీ ఒకచోట చేర్చి, తన కోటు కప్పాడు.

బయట క్రెల్ గొంతు వినిపిస్తోంది. "రాయి విమానం ఎక్కించేశారుగా? గది కప్పు మీది మన్ను ఎటూ తవ్వేశాం, నడిమి పలకకు ఇనుప తాడు కట్టి జీపుతో లాగండి. ఏ కమానైనా నడిమి రాయి పోతే కూలాల్సిందే. పాత గోడలు, పాపం ప్రమాదం అంటారు."

జీపు గర్జించింది. పలక కదిలింది, లేచింది, పోయింది. దుమ్ములోంచి గబ్బిలాలు గుంపుగా ఎగిరాయి. ఎవెలియో తల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఏమీ కూలలేదు.

వంతెనల ఇంజనీరుకు తన కమాను ఒక్కటే తెలుసు. ఈ రాజభవనం కట్టిన ఎవెలియో పూర్వీకులు అలా కట్టలేదు. రెండు పక్కల రాళ్లు వరస వరసకీ కొంచెం ముందుకు జరుగుతాయి, వెనకున్న బరువు వాటిని పట్టి ఉంచుతుంది. పైన మిగిలిన జానెడు సందు మీద పలకలు ఉత్త మూతలు. ఒకదాన్ని తీస్తే వచ్చేది వెలుతురే.

"ఎందుకు పడలేదు?" క్రెల్ అరిచాడు. "పోనీ, లోపలే కుళ్లనీ. పదండి."

గోడకీ గోడకీ అడ్డంగా ఉన్న దూలం మీదికి ఎవెలియో పాకాడు. ట్రాన్స్‌మిటర్ ఏరియల్ తీగను సందులోంచి ఆకాశంలోకి గుచ్చాడు. "లారీలు కదలండి. రాణి విమానంలో ఉంది."

విమానం రన్‌వే మీద పరుగు అందుకోబోతుండగా మొదటి లారీ అడ్డం వచ్చింది. పైలట్ బ్రేకులు తొక్కాడు. ముక్కు ఆగింది లారీ తలుపుకు మూరెడు దూరంలో.

సైనికులు బండలు తీస్తే ఎవెలియో బయటికొచ్చాడు. సంకెళ్లతో క్రెల్ ఇంకా కప్పు వంకే చూస్తున్నాడు. మీర్తాలా చేతులకీ సంకెళ్లే. సెంటు వాసన తగిలి అతను ఓ అడుగు వెనక్కి వేశాడు.

"రిపోర్టులో రాయ్ ఎవెలియో, ఫ్లాస్కు ఇచ్చింది నేనే. గది కూలదని నాకు ముందే తెలుసు."

"అంత తెలిసినదానివి," అన్నాడు ఎవెలియో, "నా పక్కన వచ్చి కూర్చోవలసింది."