బోర్డు వెనక నడవలో నా కూతురు

నా కూతురు పెద్ద పెద్ద వీడియో బోర్డులు బిగించే మేస్త్రీ. ఆ పని నేర్పింది నేనే. ముప్పై ఏళ్ళు చేశాను. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు కదా, అందుకని ఇంకా వెంట వెళ్తుంటాను.

ఆ రోజు మార్చాల్సిన బోర్డు నాలుగంతస్తుల ఎత్తు. మబ్బులు కూడా దాన్ని చూసి పక్కకి తప్పుకునేవంటే మీరు నమ్మరు. నమ్మకండి. నూట ఇరవై ఎల్‌ఈడీ పెట్టెలు, వరుసకి పన్నెండు చొప్పున పేర్చిన గోడ అది. రోడ్డు మీంచి చూస్తే రంగులే రంగులు. వెనక్కి వెళ్తే ఇనుప నిచ్చెన, వరుస వరుసకీ రేకు కప్పుతో, ఒళ్ళు పక్కకి తిప్పుకుని నడవాల్సినంత ఇరుకు నడవ, పావురాల రెట్ట, కాలిన దుమ్ము వాసన. పట్టపగలు మూడింటికి కూడా కటిక చీకటి.

ముందు కరెంటు తీసేసి మెయిన్ స్విచ్‌కి తాళం వేస్తాం. తాళంచెవి నా బొడ్లో ఉంటుంది. యముడొచ్చి అడిగినా ఇవ్వను. అల్లుడు ఎదురు ఫుట్‌పాత్ మీద ఫోన్ పట్టుకుని నిలబడి, బోర్డు ముందువైపు సంగతి చెబుతుంటాడు. అతను ఎడమ అంటే లోపలున్న మాకు కుడి. మా పనివాళ్ళు ఉగ్గుపాలతో నేర్చుకోవాల్సిన సంగతి అది.

పై నాలుగు వరుసలూ క్రేన్‌తో దించేశాం. ఐదో వరుస నడవలో నిచ్చెన దగ్గర నేనూ, పక్కనే కూతురూ ఉండగా ఫోన్ మోగింది.

"అత్తయ్యగారూ, కరెంటు వేశారా?"

"తాళంచెవి నా దగ్గరే ఉంది. ఏం?"

"ఒక పెట్టె వెలుగుతోంది. ఎడమ నుంచి రెండోది."

"కళ్ళద్దాలు తుడుచుకోండి అల్లుడుగారూ."

"తుడుచుకున్నానండీ."

ఏదో వైరులో కరెంటు మిగిలిందనుకుని నా కూతురు కంగారుగా వెళ్ళిపోయింది. కంగారులోనే తన ఎడమ నుంచి లెక్కపెట్టుకుంది. నడవ ఆ చివరికంటా పోయి, అక్కడి రెండో పెట్టె వైరు పీకింది.

"ఓసి మొద్దూ, అటు కాదే!" అని అరిచాను. వెలిగేది నిచ్చెన పక్కది. అంటే నాకూ నా కూతురికీ మధ్య...

"ఆరలేదు," అన్నాడు అల్లుడు. "దాంట్లో తను కనిపిస్తోంది. దూరంగా... వంగి వైరు పట్టుకుని ఉంది."

లోపల కెమెరా లేదు. ఏనాడూ లేదు.

"వెలుగు పక్క పెట్టెలోకి జరిగిందండీ. ఇప్పుడు తను కొంచెం పెద్దగా కనిపిస్తోంది."

చీకట్లోంచి గుసగుస. "అమ్మా..."

"కదలకు."

ఆ చివర గోడ. బయటికి దారి నా వైపే. ఆ వచ్చేది సరిగ్గా ఆ దారినే వస్తోంది. లోపల మాకు వెలుగు కనబడదు, పెట్టెల వీపులే కనబడతాయి. అరచేత్తో తడుముకుంటూ బయల్దేరాను. చల్లగా ఉంది. చల్లగా ఉంది. చల్లగా... ఆరోది వెచ్చగా ఉంది. జ్వరం తగిలిన పసిబిడ్డ నుదురులా. నా చెయ్యి కిందే అది చల్లారింది. ఏడోది వెచ్చబడింది.

నా మోకాళ్ళు పరుగెత్తాయి. ఒట్టు! గుర్రాలు సిగ్గుపడేలా పరుగెత్తాయి.

దాన్ని దాటిపోయి పదో పెట్టెకి వీపు ఆనించి నిలబడ్డాను. నా కూతురి ఊపిరి నా చెవి పక్కనే వినిపిస్తోంది.

"ఎవరనుకున్నావే నన్ను?" అన్నాను ఆ చీకటితో. "నీ తాత ముత్తాతల్ని విప్పి లారీలకెత్తించాను. నా పిల్ల జోలికొచ్చావో, నీ వైర్లు పీకి చెప్పులు కుట్టుకుంటాను!"

వీపు వెచ్చబడింది. ఇంకా... ఇంకా...

"అత్తయ్యగారూ... ఇప్పుడు మీరు."

"ఎలా ఉన్నాను?"



"నవ్వుతున్నారు. పళ్ళన్నీ కనిపించేలా."

నాకున్నవి నాలుగు. పైగా నేను నవ్వడం లేదు.

"డ్రిల్లు ఇలా ఇవ్వవే," అన్నాను. నాలుగు బోల్టులు. ఒకటి... రెండు... వేళ్ళు కాలాయి. మూడు... నాలుగు. కింద రోడ్డు ఎలాగూ మూసే ఉంది. "తప్పుకోండీ!" అని ఆ పెట్టెని ఒక్క తన్ను తన్నాను. భూమి రెండు ముక్కలైనంత చప్పుడు. ఆ కన్నంలోంచి ఎండ లోపలికొచ్చింది.

"దిగు," అన్నాను.

నా కూతురి మొహం సున్నం కొట్టినట్టుంది. నా చేతిలోంచి డ్రిల్లు లాక్కుంది. "నువ్వు దిగి కూర్చో. మిగతావన్నీ ఈరోజే విప్పుతాను. దీనికి భయపడి వెళ్ళిపోతే రేపటినుంచి ఏ బోర్డూ ఎక్కలేను."

ఇద్దరమూ దిగలేదు. పొద్దుగూకేసరికి ఒక్క పెట్టె కూడా మిగల్లేదు. ఉత్త ఇనుప చట్రం, దాని వెనక ఆకాశం. ముగ్గురం ఎదురు ఫుట్‌పాత్ మీద టీ గ్లాసులు పట్టుకుని కూలబడ్డాం.

మా వెనక గోడ నీలంగా వెలిగింది. తర్వాత ఎర్రగా, పచ్చగా... బోర్డు ఆడుతున్నప్పుడు పడే వెలుగే. చట్రం ఖాళీగా ఉంది. గోడ మీద ఒక ఆడమనిషి నీడ, చేతిలో డ్రిల్లు. నా కూతురు మాత్రం నా పక్కనే ఉంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

"విప్పుతోందా?" అన్నాను మెల్లగా.

అల్లుడు ఆ చెయ్యి తిరిగే వైపు చూశాడు. "కాదండీ... బిగిస్తోంది."

లేచి నిలబడ్డాను. "బిగించుకో! పొద్దున్నే వచ్చి మళ్ళీ విప్పుతాం!"

నీడ చెయ్యి ఆగింది. తల మా వైపు తిరిగింది. నా పక్కన నా కూతురి తల కూడా... అదే క్షణంలో, అంతే మెల్లగా నా వైపు తిరిగింది...