చాకవేలులో నూడుల్ మాయమైన కేసు

చిక్కబళ్ళాపురంలో శ్యామసుందర ఆఫీసుకు ఆ ఉదయం ఇద్దరు వచ్చారు. ఒకరు చాకవేలు వెంకటప్ప. రెండోది ఆయన వేటకుక్క, పేరు బాణం. ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీ. వెంకటప్ప దాన్ని బాణానికి చూపించి తాను నిలబడ్డాడు.

శ్యామసుందర ప్రైవేటు డిటెక్టివ్. ఆయన తాతలు గుళ్ళో పంచాంగం చెప్పి జనాల భవిష్యత్తు చెప్పేవారు. ఈయన జనాల గుట్టు చెబుతాడు, ఆదాయం కాస్త మెరుగు. అసిస్టెంటు గార్గికి ఆయనంటే ఎంత భక్తి అంటే, ఆయన తుమ్మినా నోటుపుస్తకంలో రాసుకుంటుంది.

"నన్ను కాపాడల్లప్పా," అన్నాడు వెంకటప్ప. గార్గి ఇచ్చిన టీ గ్లాసు చేతిలో వణికి సగం పంచె మీదే పడింది. "మొన్న సోమవారం మా మనవరాలి కుక్క నూడుల్ కనబడకుండా పొయ్యింది. నేనే మాయం చేసినానని మా కొడుకు రవీంద్ర అంటాండాడు. ఈ పొద్దు సాయంత్రంలోపల అది దొరక్కపోతే నా బాణాన్ని చింతామణి పక్క ఎవురి తోటకో తోలేస్తాడంట."

"మాయం చేశారా?"

"లేదప్పా. చెయ్యాలని మాత్రం రోజూ అనుకుంటి."

"అంత కడుపుమంట ఎందుకు?"

"బాణం వాళ్ళ ముత్తాత చిరుతపులిని చెట్టెక్కించినాడు. వాళ్ళ తాత కుందేలును తరుముకుంటా ఆంధ్రలోకి పొయ్యి, పొద్దు మునిగేలోపల దాన్ని నోట కరుచుకొని తిరిగొచ్చినాడు. అట్లాంటి వంశం నా ఇంట్లో ఉంటే, ఉంగరాల బొచ్చుదాన్ని తెచ్చి నడింట్లో సోఫా మీద కూర్చోబెట్టినారు!"

ఆ చిరుత ఏటేటా ఒక అడుగు పెరుగుతోందని, ఇప్పుడది ఆ చెట్టు కన్నా పొడుగని చాకవేలులో అందరికీ తెలుసు.

కారులో బయలుదేరారు. బాగేపల్లి బస్టాండు దగ్గర టీకి ఆగితే బాణం అక్కడున్న ప్రతి కుక్క మీదికీ లేచింది. గార్గి రెండు చేతులతో గొలుసు పట్టుకున్నా ఆగలేదు.

"ముక్కూమొహం తెలియని కుక్కను చూస్తే దీనికి ఒళ్ళు మండుతాదమ్మా," అన్నాడు వెంకటప్ప గర్వంగా. "పరిచయం కావడానికి వారం పడతాది. ఆ నూడుల్‌తో కూడా వారం గుర్రుమనింది. తర్వాత సిగ్గులేకుండా పక్కనే పండుకొనింది."

ఇంటి ముందు రవీంద్ర ఫోను పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. అందులో నూడుల్ బొమ్మలు రెండు వందల దాకా ఉన్నాయి. గోధుమరంగు ఉంగరాల బొచ్చు, అందులో ఎక్కడో రెండు కళ్ళు.

"పూడిల్‌నీ లాబ్రడార్‌నీ కలిపి పుట్టించింది సార్. బెంగళూరు నుంచి తెచ్చినాను. పాపకు ఉబ్బసం. దీనికి బొచ్చు రాలదన్నారు."

"రాలదని రాసిచ్చారా?"

"లేదు సార్. తక్కువ రాలుతుందన్నారు."

"వేరే కారణం ఏమీ లేదా?"

రవీంద్ర గొంతు తగ్గింది. "పక్క తోట ఆనంద్‌కుమార్ జర్మన్ షెపర్డ్ తెచ్చినాడు. అట్లాంటివి తాలూకాలో యాడ చూసినా ఉండాయి. ఇది మా ఇంట్లో తప్ప ఎవురింట్లోనూ లేదు. వానికి చూపించల్ల కదా సార్."

"ఆయన చూశాడా?"

"మూడు రోజులు అన్నం తినలేదంట," అన్నాడు రవీంద్ర. ఆ మాటకు ముఖం వెలిగి, నూడుల్ గుర్తొచ్చి మళ్ళీ వాడిపోయింది.

రవీంద్ర కూతురు అర్పితకు పన్నెండేళ్ళు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. "దాని దువ్వెన కూడా ఎత్తుకొని పొయినారు అంకుల్. రోజూ బడికి పోయేముందు గంటసేపు దువ్వేదాన్ని. దువ్వకుంటే ఉండలు కట్టుకుంటాది."

"ఎలాంటి దువ్వెన?"

"చెక్కది. రెండు పళ్ళు లేవు. అవ్వ దగ్గర తీసుకుంటిని."

అవ్వ హనుమక్క, వెంకటప్ప భార్య, గుమ్మంలో రాగులు చెరుగుతోంది. సోమవారం ఎవరైనా ఇంటికి వచ్చారా అంటే చేట ఆపలేదు.

"నాకేం తెలుసప్పా. కుక్కల సంగతి మా ఇంటాయప్పను అడుగు. నలభై ఏండ్లుగా ఈ ఇంట్లో మొదటి ముద్ద కుక్కకే."

ఇంటి వెనకాల గొర్రెల దొడ్డి. ఉన్ని వాసన పడదని అర్పితను అటు పోనివ్వరు. లోపల గొర్రెపిల్లల మధ్య తాడుతో కట్టేసిన బక్క కుక్క ఒకటి ఉంది. ఒళ్ళంతా బోడి, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, మెడ మీద మాత్రం పిడికెడు పిలక. కొత్తవాళ్ళను చూసి అరవలేదు. తోక ఊపి గార్గి చెయ్యి నాకింది.

"అది మా అమ్మ మంగళవారం తెచ్చుకున్న కాపలా కుక్క," అన్నాడు రవీంద్ర. "సోమేనహళ్ళిలో ఎవురో ఇచ్చినారంట."

బాణం దొడ్డిలోకి దూరి, బక్క కుక్కను ఒకసారి వాసన చూసి, దాని పక్కనే బద్ధకంగా పడుకుంది.

శ్యామసుందర గొర్రెలను చూస్తున్నాడు. ప్రతిదానికీ మెడ మీద పిడికెడు ఉన్ని మిగిలి ఉంది. "ఇది మరిచిపోయారా?"

"మరిచేదేంటికి? అది దేవుని వాటా," అన్నాడు వెంకటప్ప. "మా ఇంట్లో కత్తెర పట్టినోళ్ళు అంత వదలాల్సిందే. ఈ కత్తిరింపు ఉగాదికి ముందే అయిపాయ."

దొడ్డి దూలానికి వేలాడుతున్న కత్తెరను శ్యామసుందర వేలితో తాకాడు. ఉగాది పోయి రెండు నెలలైనా వేలికి తాజా కొబ్బరినూనె అంటింది. గార్గి రాసుకుంది, ఎందుకో తెలియకపోయినా.

మధ్యాహ్నం అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు.

"నూడుల్ ఇల్లు దాటలేదు. మీరంతా బొచ్చును వెతికారు, కుక్కను వెతకలేదు. గార్గీ, ఆ కాపలా కుక్కను తీసుకురా."

బక్క కుక్క వాకిట్లోకి రాగానే అర్పిత మీదికి దూకి ముఖమంతా నాకేసింది. "నూడుల్!" అని పిల్ల కేక వేసింది. రవీంద్ర ఫోనులోని బొమ్మనూ ఎదురుగా ఉన్న ఎముకలనూ మార్చి మార్చి చూశాడు.

"బొచ్చు తీసేస్తే ఇంతేనా సార్?"

"ఎవరైనా ఇంతేనప్పా. బస్టాండులో ప్రతి కుక్క మీదికీ లేచిన బాణం, దీని పక్కన పడుకుంది. అంటే పాత స్నేహం. దొంగైతే కుక్కను అమ్ముకుంటాడు, గొర్రెలా కత్తిరించడు. మెడ మీద దేవుడి వాటా అసలే వదలడు. ఆ అలవాటు ఈ ఇంటి చేతిదే. కత్తెరను ఈ మధ్యే వాడారని దాని మీది తాజా నూనే చెబుతోంది."

అందరూ వెంకటప్ప వైపు తిరిగారు.

"ఆయన టీ గ్లాసే పట్టుకోలేడు," అన్నాడు శ్యామసుందర. "దీని ఒంటి మీద ఒక్క గాటు లేదు. పైగా దొంగ దువ్వెన కూడా తీసుకున్నాడు. పళ్ళూడిన చెక్కముక్క ఎవరికి కావాలి? అది ఎవరిదో వాళ్ళకే."

హనుమక్క రొండిన దోపుకున్న దువ్వెన తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మా అమ్మ ఇచ్చింది. తొమ్మిదేండ్లు దీంతోనే ఈ పిల్లకు తల దువ్వి జడేస్తిని. వాళ్ళమ్మ పొద్దున్నే పనికని బాగేపల్లి బస్సుకు పరుగెత్తినాక, ఆ గంట నాది. కుక్క వచ్చినాక పిల్ల జుట్టు కత్తిరించుకొని, నా దువ్వెన దానికి పెట్టె. దువ్వేదానికి ఏమీ లేకుంటే నా దగ్గరికి వస్తాదని కత్తెర పట్టినా. కోసినాక చూస్తే నాకే భయమాయ. దాచిపెడ్తి."

"నా మీదికి వస్తాంటే నోరు మెదపలేదే!" అన్నాడు వెంకటప్ప.

"ఏంటికి మెదపల్ల? బాణం పోతే మొదటి ముద్ద ఎవురికి పెడతావో చూస్తామనుకుంటి."

రవీంద్ర తల దించుకున్నాడు. బాణాన్ని ఎక్కడికీ తోలనన్నాడు.

అర్పిత లేచి వెళ్ళి అవ్వ ముందు వీపు పెట్టి కూర్చుంది. "భుజాల దాకే ఉండాది. జడ వస్తాదా?"

"ఎలుక తోకంత వస్తాది, కదలొద్దు," అంది హనుమక్క, చేతులు అప్పటికే పనిలో ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో గార్గి అడిగింది: "సార్, దొడ్డిలోనే తెలిసిపోయింది కదా, మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగారు?"

"భోజనం వేళ కావాలి. వెంకటప్ప మొదటి ముద్ద ఎవరికి పెడతాడో చూడాలనిపించింది."

చూశారు కూడా. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకటప్ప వేడి సంగటి ముద్ద తీసి, అలవాటు కొద్దీ బాణం వైపు వంగి, ఆగి, చెయ్యి తిప్పి భార్య పళ్ళెంలో పెట్టాడు. చాకవేలులో ఇప్పుడు చెబుతున్నదాన్ని బట్టి ఆ ముద్ద గుమ్మడికాయంత. బాణం మాత్రం ఆ రోజంతా హనుమక్కను కొత్త కుక్కను చూసినట్టు చూసింది.