ఎడమ నుంచి నాలుగో మనిషి

"తొక్కరా... ఇంకా తొక్కు."

"తొక్కుతూనే ఉన్నానక్కా. ఇది కొరియర్ వ్యాను. కంపెనీవాళ్ళు దీనికి రెక్కలివ్వలేదు."

వాన.

చీకటి ఇప్పుడే పడింది. ఒక్క వైపరే పనిచేస్తోంది, అదీ తమ్ముడి వైపుది. ఆమెకు రోడ్డు కనిపించడం లేదు. ముందు బళ్ళ ఎర్రలైట్లు అద్దం మీద నీళ్ళలో కరిగి కారుతున్నాయి.

ఫోను చెవికి ఆనించి ఉంది.

"మేడమ్, చెప్పాను కదా. పెట్రోలింగ్ కారు బయల్దేరింది. బ్రిడ్జి కింద నీళ్ళు నిలబడి..."

"అక్కడ మనిషిని చంపేస్తారండీ."

"ఎవరు చంపుతారు?"

ఆమె ఫోను పెట్టేసింది.

పేరు తెలీదు. ముఖం తెలీదు. మగో ఆడో కూడా తెలీదు.

తెలిసింది ఒక్కటే. ఆ మనిషికి దారి చూపించింది తనే.

వ్యాను గుంతలో పడి లేచింది. వెనక పార్సిళ్ళు దబదబా కూలాయి.

"ఇప్పుడైనా చెప్తావా?" అన్నాడు తమ్ముడు. "ఆఫీసు ముందు చెయ్యి ఊపావు, ఎక్కావు, తొక్కమన్నావు. బావకేదో అయిందని నా పై ప్రాణాలు పైనే పోయాయి."

"బావకేం, దుక్కలా ఉన్నాడు."

"మరెవరికి?"

"మిషన్ల తాతకి."

"ఆయనెవరు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె ఉద్యోగం ఊరి పాత ఫొటోలు, పాత కాగితాలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టడం. చెదలు తిన్న మ్యాపులు, పగిలిన గాజు నెగటివ్‌లు, పసుపుపచ్చగా మారిన పేపర్లు. ముట్టుకుంటే పొడి అయిపోయేవన్నీ ఆమె చేతుల మీదుగా కంప్యూటర్లోకి వెళ్తాయి. ప్రతి ఫొటో కింద ఒక కామెంట్ బాక్సు. అందులో జనం రాస్తుంటారు. ఇది మా వీధి. ఈ కుర్చీలో కూర్చున్నది మా మామయ్య. అలా.

కిందటి నెల ఒక ముసలాయన వచ్చాడు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. గోళ్ళ నిండా నూనె మసి. చొక్కా లోపలి నుంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

పాత కలప మార్కెట్. గేటు ముందు వరసగా నిలబడ్డ కూలీలు.

"కింద ఏం రాయమంటారు తాతా?"

"ఎడమ నుంచి నాలుగోవాడు రాత్రి కాపలాదారు. మార్కెట్ తగలబడ్డప్పుడు బతికి బయటపడింది ఇతనొక్కడే. అంతే రాయమ్మా."

"ఆయన మీరేనా?"

ముసలాయన తల ఊపాడు. తన పేరు మాత్రం వెయ్యొద్దన్నాడు.

ఫొటో పెట్టింది. వారం తిరక్కుండా ఊరంతా పంచుకుంది. కామెంట్లు కుప్పలు పడ్డాయి.

వాటిలో ఒకటి...

'నాలుగో మనిషి మా అన్నయ్య. అలిగి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అమ్మ మంచం మీద ఉంది. కళ్ళు మూసేలోపు ఒక్కసారి చూడాలంటోంది. ఎక్కడున్నాడో చెప్పి పుణ్యం కట్టుకోండి. మీ చెల్లెల్లాంటిదాన్ని.'

"ఏడ్చావా?" అన్నాడు తమ్ముడు.

"ఏడ్చాను."

"అడ్రస్ ఇచ్చావా?"

"ఇచ్చాను."

తాతకి ఫోన్ లేదు. రేపు స్వయంగా వెళ్ళి శుభవార్త చెబుదామనుకుంది. ఈ సాయంత్రం అడ్రస్ పంపి, టీ కోసం లేచి, కప్పుతో తిరిగొచ్చేసరికి...

కామెంట్ లేదు. అకౌంటే లేదు.



కప్పు పక్కన పెట్టి పాత పేపర్లలో వెతికింది. కలప మార్కెట్... అగ్నిప్రమాదం. తనే స్కాన్ చేసిన పేజీ. వేల పేజీల్లో ఒకటి. ఆ రోజు చదవలేదు. ఇవాళ నిలబడే చదివింది.

గేటుకి బయటి నుంచి తాళం. లోపల పడుకున్న కూలీలెవరూ దక్కలేదు. గేటు బయట నిలబడి ఎంత అరిచినా ఎవరూ రాలేదని, తాళం వేసినవాణ్ణి చూశానని కాపలాదారు పోలీసులకు చెప్పాడు. కోర్టుకు రాకముందే మాయమయ్యాడు. సాక్షి లేడు. కేసు కొట్టేశారు.

చివర్న చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. ఆ కాపలాదారు అనాథ. తమ్ముడు తప్ప నా అన్నవాళ్ళెవరూ లేరు. ఆ తమ్ముడూ మంటల్లోనే పోయాడు.

అమ్మ లేదు. చెల్లెలు లేదు.

వ్యానులో తమ్ముడు గేరు మార్చాడు.

"నీది దుమ్ము దులుపుకునే ఉద్యోగం అనుకున్నానక్కా..." అన్నాడు. "కొరివితో తల గోక్కునే ఉద్యోగమని చెప్పలేదేం?"

"తొక్కరా."

తొక్కాడు.

సందు మొదట్లో వ్యాను ఆగిపోయింది. ఇక లోపలికి పట్టదు.

"నువ్విక్కడే ఉండు. పోలీసులొస్తే దారి చూపించు."

"అక్కా, ఆగు... నేనూ..."

ఆమె అప్పటికే పరిగెడుతోంది.

మూసేసిన షట్టర్లు. ఎక్కడో చూరు నుంచి ధారగా పడుతున్న నీళ్ళు. చివర్న పాత మేడ. గోడకి బయటివైపు ఇనుప మెట్లు. చెప్పు జారింది. వదిలేసింది. రెండో చెప్పూ విదిలించింది.

పైన ఒకే ఒక తలుపు. కింద సందులోంచి పల్చటి వెలుగు.

బాదింది.

జవాబు లేదు.

మళ్ళీ బాదింది.

"తాతా! నేను... ఫొటోల ఆఫీసు నుంచి."

తలుపు తెరుచుకుంది.

మిషన్ల తాత. నిక్షేపంగా ఉన్నాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పదండి తాతా, ఇక్కడి నుంచి వెళ్ళిపోదాం. తప్పు చేశాను. మీ అడ్రస్..."

ఆగిపోయింది.

వాసన.

ముక్కుపుటాలు మండుతున్నాయి. పాదాలకింద నేల తడిగా ఉంది. వాననీళ్ళు కాదు.

పెట్రోలు.

గది నిండా కుట్టుమిషన్లు. వరసగా, గోడ పొడుగునా. వాటి మధ్య చిత్తడిగా మెరుస్తున్న గచ్చు. మూల ఖాళీ క్యాను ఒకటి పడి ఉంది.

ముసలాయన ముఖంలో భయం లేదు. చిరాకు ఉంది.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"మిమ్మల్ని చంపడానికి ఎవరో..."

"వస్తాడు. వాడి కోసమే కూర్చున్నాను."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ ఆ ఖాళీ క్యాను చూశాక అర్థమైంది.

"ఫొటో... కావాలనే ఇచ్చారా?"

"వాడి పేరు తెలీదు. ఊరు తెలీదు. మెరుపులా చూసిన ముఖం, రెండు ముక్కలు విన్న గొంతు. అంతే నాకు తెలిసింది. నేను వెతికి ఎక్కడని పట్టుకోను? అందుకని నేనే కనిపించాను. బతికున్నానని తెలిస్తే వాడే వెతుక్కుంటూ వస్తాడు."

"వస్తే?"

ముసలాయన తలుపు లోపలి తాళం చూపించాడు. తర్వాత జేబులోంచి లైటర్ తీశాడు.

"వాడూ నేనూ. ఇద్దరం లోపలే."

"తాతా, పోలీసులు వస్తున్నారు..."

"అప్పుడూ వచ్చారు."

టంగ్.

కింద ఇనుప మెట్టు మోగింది.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

టంగ్... టంగ్...

తమ్ముడి నడక కాదు. వాడు రెండేసి మెట్లు ఎక్కుతాడు. ఇది ఆచితూచి ఎక్కుతున్న అడుగు.

ముసలాయన ఆమె భుజం పట్టుకుని మిషన్ల వెనక్కి తోశాడు.

"కూర్చో. నోరు మెదపకు."

కిటికీకి ఊచలు. ఇంకో తలుపు లేదు. ఆమె చీకట్లో ముడుచుకుంది. పెట్రోలు తడి బట్టల్లోకి ఎక్కుతోంది.

తలుపు నెమ్మదిగా లోపలికి జరిగింది.

రెయిన్‌కోటు. హెల్మెట్. ముఖానికి అడ్డంగా నల్లటి అద్దం. చేతిలో పిస్తోలు.

"రా," అన్నాడు ముసలాయన. "చాలా ఆలస్యం చేశావు."

పిస్తోలు పైకి లేచింది.

"కాల్చు. ముందు ఒకసారి గాలి పీల్చి కాల్చు."

హెల్మెట్ కదిలింది. నేల చూసింది. క్యాను చూసింది. ముసలాయన బొటనవేలు లైటర్ చక్రం మీద ఉంది.

పిస్తోలు గాల్లోనే ఆగిపోయింది.

"గేటుకి తాళం వేసినప్పుడు నీ చెయ్యి వణకలేదు. ఇప్పుడు వణుకుతోందేం?"

"ఏ గేటు?"

హెల్మెట్ లోంచి ఉక్కిరిబిక్కిరైన గొంతు.

"ఏ గేటా..." ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు వినలేకపోయింది ఆమె. "స్థలం ఖాళీ చెయ్యమన్నారు. మావాళ్ళు చెయ్యలేదు. పొమ్మనలేక పొగబెడతారని విన్నాను. నువ్వు పొగతో ఆగలేదు. నా తమ్ముడు ఆ గేటుని లోపలి నుంచి కొట్టిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

చక్రం కరకరమంది. నిప్పురవ్వ లేవలేదు.

ఇంకొక్కసారి తిప్పితే చాలు.

ఆమె లేచి నిలబడింది.

పిస్తోలు ఇటు తిరిగింది. ఆమె దాన్ని చూడలేదు. ముసలాయననే చూస్తోంది.

"తాతా... నేనూ లోపలే ఉన్నాను."

"నిన్ను రమ్మన్నానా?"

"రమ్మనలేదు. వచ్చాను. ఆ రోజు మీ తమ్ముడు లోపల ఉన్నాడు, మీరు బయట నిలబడి అరిచారు. ఇవాళ నేను లోపల ఉన్నాను. నా తమ్ముడు బయట ఉన్నాడు."

ముసలాయన కళ్ళు ఆర్పలేదు.

వాన చప్పుడు. ఎక్కడో బల్బు చుట్టూ పురుగు కొట్టుకుంటోంది.

లైటర్ పట్టుకున్న చెయ్యి మెల్లగా... మెల్లగా కిందికి దిగింది.

అంతే చాలింది హెల్మెట్‌కి.

ఒక్క గెంతులో వెనక్కి. తలుపు ధడేల్‌మంది.

టక్.

బయట గడియ.

ముసలాయన ఉన్నచోటే కూలబడ్డాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

ఆమె తలుపు మీద పడింది. తోసింది. భుజంతో గుద్దింది. కదల్లేదు.

బయట అగ్గిపెట్టె తెరిచిన చప్పుడు.



పుల్ల గీశాడు. చిరచిరమంది. వెలగలేదు. తడి.

ఇప్పుడు ఇంకో పుల్ల...

నిశ్శబ్దం.

ఇంకో పుల్ల గీయడం లేదు. ఎందుకు? తలుపుకి అవతల ఎవరో వగరుస్తున్నారు. ఏడుస్తున్నట్టు కూడా ఉంది.

ఆమె తలుపుకి నోరు ఆనించి ప్రాణమంతా పెట్టి అరిచింది.

"తమ్ముడూ...!"

మెట్లు దడదడలాడాయి. రెండేసి.

"ఒరేయ్, తుపాకీ వదలరా..."

ఇనుము మీద ఇనుము. పెనుగులాట. మెట్ల కమ్మీ అదిరింది.

ఢాం!

ఏదో బరువైనది దొర్లుకుంటూ కిందికి పోయింది. దొర్లుతూనే ఉంది. ఆగింది.

తర్వాత వాన మాత్రమే.

"తమ్ముడూ..."

జవాబు లేదు.

"ఒరేయ్... పలకరా."

గడియ కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

తలుపు తెరుచుకుంది.

తమ్ముడు. చేతిలో వ్యాను జాకీ రాడ్డు. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"హెల్మెట్‌వాడు సందులోకి దూరాడని రాడ్డు వెతుక్కుని వచ్చానక్కా. నేను కాల్చలేదు. వాడి తుపాకీ వాడికే పేలింది."

ఆమె తమ్ముడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

ముసలాయన వాళ్ళను దాటుకుని మెట్లు దిగుతున్నాడు.

కింద హెల్మెట్ మనిషి గోడకి చేరగిలబడి ఉన్నాడు. తొడ పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి రక్తం, వాననీళ్ళలో కలిసి పారుతోంది. తమ్ముడు ముందే పిస్తోలుని మెట్ల మీంచి దూరంగా తన్నేశాడు.

ముసలాయన వంగాడు. హెల్మెట్ పట్టుకుని లాగాడు.

పాతికేళ్ళు కూడా ఉండవు. మీసం సరిగ్గా మొలవని ముఖం.

ముసలాయన అలాగే ఉండిపోయాడు.

"వీడు కాదు," అన్నాడు.

కుర్రాడి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"బ్లాక్‌మెయిల్ చేస్తున్నావన్నాడు నాన్న. పాత పగతో కుటుంబాన్ని నాశనం చేస్తావన్నాడు. గేటు సంగతి... లోపల మనుషులున్న సంగతి... చెప్పలేదు."

ఆమె స్కార్ఫ్ తీసి తొడకి బిగించింది. రక్తం ఆగడం లేదు. తమ్ముడు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నాడు.

దొర్లినప్పుడు రెయిన్‌కోటు జేబులోంచి జారిపడ్డదేదో వణికింది.

ఫోను. స్క్రీన్ మీద ఒక్కటే మాట. నాన్న.

కుర్రాడు చెయ్యి చాచాడు. అందలేదు. ఆమె తీసి స్పీకర్ నొక్కింది.

"పనయిందా? ముసలాడు లోపలే ఉన్నాడా?"

మామూలు గొంతు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని అడిగినట్టుంది.

ముసలాయన చెయ్యి గోడని వెతుక్కుంది.

"ఈ గొంతే," అన్నాడు పెదవులతో మాత్రమే.

తర్వాత వంగి ఫోనుతో మాట్లాడాడు. అరవలేదు.

"లోపల లేనయ్యా. బయటే ఉన్నాను. లోపలున్నప్పుడు నీ కొడుకే బయట గడియ పెట్టాడు. ఇప్పుడు వాడి కాల్లో గుండు దిగింది. రక్తం పోతోంది. సందు చివరి మేడ, నీకు తెలుసుగా. వస్తావా?"

అవతల ఊపిరి. అంతే.

"నాన్నా..." అన్నాడు కుర్రాడు. "నాన్నా, నొప్పిగా ఉంది..."

ఊపిరి.

లైన్ కట్టయింది.

కుర్రాడు స్క్రీన్ వైపు చూశాడు. ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. రక్తపు వేలితో మళ్ళీ నొక్కాడు.

స్విచ్ ఆఫ్.

మళ్ళీ నొక్కాడు.

స్విచ్ ఆఫ్.

ఫోను వాడి ఒళ్ళో జారిపోయింది.

ముసలాయన వాడి పక్కన చతికిలబడ్డాడు. మసి గోళ్ళ చేతులు రెండూ ఆ గాయం మీద పెట్టి, బరువంతా వేసి అదిమాడు.

"కదలకు."

"ఎందుకు?" అన్నాడు కుర్రాడు. "నేను గడియ పెట్టాను... అగ్గిపుల్ల గీశాను."

"రెండోది గియ్యలేదు. కదలకన్నానా."

సందు మొదట్లో సైరన్. టార్చిలైట్లు గోడల మీద ఊగుతూ వచ్చాయి. బూట్లు నీళ్ళు చిమ్ముతూ ఆగాయి. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరి ముఖం మీదా వెలుగు వేసి చూశాడు.

"కాల్చింది ఎవరు?"

తమ్ముడు నోరు తెరిచాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

కుర్రాడు తల ఎత్తాడు. ముఖం సున్నంలా పాలిపోయింది. కానీ మాట తడబడలేదు.

"తుపాకీ నాదే సార్. నన్ను పంపింది మా నాన్న. కలప మార్కెట్‌కి తాళం వేసింది కూడా ఆయనే. సామాన్లు సర్దుకుంటుంటాడు ఈపాటికి... ఇల్లెక్కడో చెప్తాను, తొందరగా వెళ్ళండి."