కుచ్చులకి ఖరీదెంత?

పటమటలో ఆ ఇంటి వరండాలో పొద్దున్న ఆరున్నరకే పని మొదలవుతుంది. భద్రమ్మ చాప మీద కూర్చుని, నేత చీర కొంగు ఒళ్ళో పరుచుకుని, అంచు పోగులు విడదీసి ముడులు వేస్తోంది. పక్కనే కోడలు రేణుక ఇంకో చీర పట్టుకుంది. ఇద్దరూ కలిసి రోజుకి అయిదు చీరలు పూర్తి చేస్తారు. భద్రమ్మ భర్త సాంబమూర్తి కొట్లో చీర కొంటే కొంగుకి కుచ్చులు ఊరికే వేసిస్తారన్న పేరు కంకిపాడు దాకా ఉంది. పేరేమో సాంబమూర్తిది, మెడనొప్పులు ఆడవాళ్ళవి.

ఆ రోజు ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కాఫీ తాగుతూ, "భద్రా, పదకొండింటికి బ్యాంకుకి వెళ్ళాలి. ఇంటి కాయితాలు, ఆధార్ కార్డు పెట్టుకో. సంతకం పెట్టాల్సింది నువ్వే కదా," అన్నాడు.

ఇల్లు భద్రమ్మ పేరున ఉంది. ఆవిడ తండ్రి ఇచ్చిన స్థలం. దాన్ని తాకట్టు పెట్టి, పదిహేను లక్షలు తెచ్చి కంకిపాడులో రెండో కొట్టు తెరవాలని తండ్రీ కొడుకులు నిర్ణయించేశారు. ఆవిణ్ణి ఒక మాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"అత్తయ్యగారు ఆ సంతకం పెట్టకూడదు మావయ్యగారూ," అంది రేణుక తలెత్తకుండానే.

లోపల స్నానానికి బయలుదేరిన కొడుకు ఉమామహేశ్ తువ్వాలు భుజాన వేసుకునే బయటికొచ్చాడు. "ఏంటి, ఏమంటున్నావు?"

"లెక్క వేశానండీ. మన కొట్టు నష్టంలో నడుస్తోంది."

సాంబమూర్తి పెద్దగా నవ్వాడు. "నెలకి ముప్పై ఏడు వేలు మిగులుతుంటే నష్టమా? ఆ మూడ్రోజుల క్లాసులో ఇదేనా నీకు నేర్పింది?"

చిన్న వ్యాపారుల కోసం ఒక మహిళా సంఘం లెక్కల తరగతులు పెడితే, తనకి తీరిక లేదని కోడల్ని పంపింది ఆయనే. ఇప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి పళ్ళు కొరుక్కున్నాడు.

"చీర పదిహేనొందలకి కొంటున్నాం. రెండువేల వందకి అమ్ముతున్నాం. అద్దె, కరెంటు, సేల్స్ అమ్మాయి జీతం పోను చీరకి రెండొందల యాభై మిగులుతోంది," అంది రేణుక. "ఇవే కుచ్చులు బయట వేయిస్తే చీరకి మూడొందలు. మా ఇద్దరి పనికి కూలి కడితే ప్రతి చీరకీ యాభై రూపాయలు నష్టమే. రెండో కొట్టు పెడితే రోజుకి పది చీరలవుతాయి. ఎవరు వేస్తారు? బ్యాంకు వాయిదా ఎందులోంచి కడతారు?"

"ఇంట్లో పనికి కూలేంటి?" ఉమామహేశ్ గొంతు లేచింది. "రేపు వంటకి కూడా బిల్లు వేస్తావా?"

"వంట మనం తింటున్నామండీ. కుచ్చులు అమ్ముతున్నాం."

అందరికన్నా ఎక్కువ మండిపడింది భద్రమ్మ. "ముప్పై ఏళ్ళనించి వేస్తున్నాను. ఒక్కనాడు చెయ్యి చాచానా? నువ్వొచ్చి మూడేళ్ళు కాలేదు, మామగారికి లెక్కలు రావంటావా? కూలికి పనిచెయ్యాలనుకుంటే మీ పుట్టింటికే పో!"

"నా గురించి కాదు అత్తయ్యా. మీ ఇల్లు పోతుందని..."

"నా ఇంటి సంగతి నీకెందుకు? ఇవాళ్టినించి నా పక్కన కూర్చోవద్దు నువ్వు."

రేణుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నోరు మూసుకుని లోపలికి నడువు," అన్నాడు ఉమామహేశ్. ఆమె కదల్లేదు.

భార్య తన పక్షాన నిలబడేసరికి సాంబమూర్తికి కొండంత బలమొచ్చింది. ఆ బలంలో ఒక మాట ఎక్కువన్నాడు. "దాని మాటలు పట్టించుకోకు భద్రా. నీకు కూలి కట్టాలంట, నవ్విపోతారు! ఇంట్లో ఊరికే కూర్చుంటే పొద్దుపోక వేస్తుంటావు. కాలక్షేపానికి కూడా రేటు కడతారా ఎవరైనా?"

ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. భద్రమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏవన్నారు?"

"కాలక్షేపం అన్నా. తప్పేముంది?"

"వీడు కడుపులో ఉన్నప్పుడు నొప్పులొచ్చేదాకా ముడులేశాను," అంది భద్రమ్మ. "మా అమ్మ పోయి పన్నెండు రోజులు దాటీ దాటకముందే, పెళ్ళివాళ్ళ చీరలున్నాయని మీరు కబురు పెడితే వచ్చి కూర్చున్నాను. కళ్ళద్దాలు నాలుగుసార్లు మార్చాను. ఇదంతా నాకు కాలక్షేపమా?"

"అది కాదే..."

ఆవిడ చీర తీసి ఆయన ఒళ్ళో పడేసింది. "ఇవాళ మీరు పొద్దుపుచ్చుకోండి. సంతకం లేదు, ఏం లేదు." లోపలికి వెళ్ళి వంటింటి తలుపు దడాల్న వేసుకుంది.

కొడుకు ముందు తగ్గడం ఇష్టంలేక సాంబమూర్తి చాప మీద కూర్చున్నాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు. నేతపని చేసుకునే ఇంట్లో పుట్టినవాడే గాని, కొట్టు పెట్టాక గల్లాపెట్టె ముందునుంచి లేచింది లేదు. అరగంటలో ఏడు ముడులు పడ్డాయి. వాటిలో మూడు జారిపోయాయి. నడుం పట్టేసింది, పోగులు కళ్ళముందు అలుక్కుపోయాయి. రోజుకి ఎన్ని, నెలకి ఎన్ని, ముప్పై ఏళ్ళకి ఎన్ని అని మనసులో లెక్క మొదలుపెట్టి, మధ్యలోనే భయపడి ఆపేశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. పామర్రునుంచి సంపూర్ణమ్మ, పాత ఖాతాదారు. కూతురి గృహప్రవేశానికి పెట్టుబడి చీరలు ఎనిమిది కావాలట, అన్నిటికీ కుచ్చులతో సహా. అలాగేనమ్మా అనబోయి ఒళ్ళో చీర వంక చూశాడు.

"కుచ్చులకి చీరకి మూడొందలు అవుతుందమ్మా."

"అదేంటండీ, ఎప్పుడూ ఊరికే వేసిచ్చేవారు కదా?"

"ఊరికే కాదమ్మా." ఆయన జారిపోయిన ముడి ఒకటి వేలితో సవరించాడు. "మా ఆవిడ కష్టం అది. ఇన్నాళ్ళూ నా సొమ్మే అనుకుని అందరికీ పంచిపెట్టాను."

"అయితే నాలుగే తీసుకుంటాలెండి," అంది సంపూర్ణమ్మ.

సాంబమూర్తి ఫోన్ పక్కన పెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "బ్యాంకుకి రావట్లేదని చెప్పరా," అన్నాడు కొడుకుతో. ఉమామహేశ్ తండ్రి మొహం చూసి ఫోన్ అందుకున్నాడు.

వంటింట్లో భద్రమ్మ ఆ మాటలన్నీ వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. రేణుక తలుపు తోసి గడప దగ్గరే నిలబడింది, దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలక.

"నాలుగు చీరలంటే పన్నెండొందలు," అంది భద్రమ్మ వెనక్కి తిరక్కుండా. "రెండు నువ్వెయ్యి. ఆ డబ్బు నీ దగ్గరే ఉంచుకో. మా వాడికిచ్చావో, ఊరుకోను."

"అత్తయ్యా..."

"యాభై నాలుగేళ్ళొచ్చాయే నాకు. నా పని ఖరీదెంతో ఇవాళ తెలిసింది. చెప్పినదాన్ని పుట్టింటికి పొమ్మన్నాను," అంటూ భద్రమ్మ గడప దాకా వచ్చి కోడలి భుజం మీద తల వాల్చేసింది. రేణుకకి కూడా ఏడుపు ఆగలేదు.