లోనప్పన్ ఒక్క మాట చెప్పాలి

పరాయివాళ్ళ తోటలో తన నాయనమ్మ రుబ్బురోలు నీళ్ళు చిమ్ముతుంటే చూసి, టెస్మి స్కూటర్ దిగడం కూడా మరిచిపోయింది.

త్రిశ్శూరు చుట్టుపక్కల పాత రోలు కనిపిస్తే చాలు, దానికో మోటారు తగిలించి ఫౌంటెన్ చేసేస్తున్నారు. అందులో వింతేమీ లేదు. కానీ ఈ రోలు అంచున సిలువ గుర్తూ, దాని పక్కన ఏలిక్కుట్టి అన్న పేరూ చెక్కి ఉన్నాయి. చుట్టూ పరిచిన తాండూరు బండలూ ఆమె ఎరిగినవే. నీలం ఛాయ ఉన్నవే కావాలని మన్నుత్తిలో కొట్టువాడి ప్రాణం తీసి, ఒక్కొక్కటీ ఏరి కొన్న బండలవి. ఇప్పుడు వాటి సందుల్లో పచ్చగడ్డి నవనవలాడుతోంది.

గేటు లోపల, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒక యువకుడు కుక్కకి స్నానం చేయిస్తున్నాడు.

"ఆ రోలు ఎవరిది?" అని అడిగింది టెస్మి, పలకరింపు లేకుండా.

"మాదేనండీ. మీరెవరు?"

"దాని మీద పేరు చదవండి."

అతను వంగి చదివాడు. "ఏలిక్కుట్టి."

"మీ ఇంట్లో ఏలిక్కుట్టి ఎవరు?"

అతను కాసేపు ఆలోచించాడు. "అమ్మ పేరు రోసిలి. కుక్క పేరు కుట్టప్పి. నా పేరు డెల్సన్, పశువుల డాక్టర్ని. ఏలిక్కుట్టి ఎవరూ లేరండీ."

"ఏలిక్కుట్టి మా నాయనమ్మ. దొంగసొత్తు పక్కన నిలబడి కుక్కకి స్నానం ఒకటి."

డెల్సన్ వెళ్ళి మోటారు ఆపేశాడు. చేతిలో పైపు నీళ్ళు బూటులోకి పోతున్న సంగతి కూడా అతనికి తెలియలేదు.

"పాలక్కాడులో ఎవరో ఇల్లు పడగొడుతుంటే దొరికిందన్నాడే మా తోట వేసిన లోనప్పన్ చేట్టన్," అన్నాడు నీరసంగా.

ఆ పేరు వినగానే టెస్మికి సంగతంతా బోధపడింది. వారం రోజులుగా ఆమె వెతుకుతున్నది ఆ లోనప్పన్‌నే.

లోనప్పన్ ఇళ్ళ ముందు తోటలు వేసే కాంట్రాక్టరు. మాట తేనె, చెయ్యి బంగారం, పని మాత్రం పూర్తి కాదు. ఒప్పుకున్న రోజునే జేసీబీ తెచ్చి వాకిలంతా తవ్వేస్తాడు. అదే ఆయన కిటుకు. ఒకడు చెయ్యి పెట్టిన పనిని, అతను వదిలేశానని చెప్పేదాకా ఇంకో పనివాడు ముట్టుకోడు. అది అక్కడి పనివాళ్ళ కట్టుబాటు. టెస్మి వాళ్ళ కొత్తింటి ముందు గొయ్యి తవ్వి మూడు నెలలైంది. రెండు వారాల కిందట, బండలు పాలిష్ పట్టించాలనీ రోలుకి మోటారు బిగించాలనీ చెప్పి లారీలో వేసుకెళ్ళాడు. ఆ తర్వాత ఆయన ఫోను మోగలేదు.

"మా చెల్లి పెళ్ళి పదిరోజుల కిందటే అయింది," అన్నాడు డెల్సన్. "రెండు నెలలు మా వాకిలీ గొయ్యే. సరిగ్గా పెళ్ళికి మూడు రోజుల ముందు లారీతో దిగాడు. ఒక్క రోజులో పరిచేశాడు. మా అమ్మ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది."

"మా బండలు చూసా?"

"మీవని తెలీక."

"వచ్చే ఆదివారం మా కొత్తింటికి ఆశీర్వాదం. ఫాదర్ గారొస్తారు. మూడు వందలమందిని పిలిచాం."

ఆ తర్వాత సంగతంతా అతనికి గడగడా చెప్పేసింది. తండ్రి ఔసేప్పు బస్సు డ్రైవరుగా చేసినన్నాళ్ళూ వాళ్ళవి అద్దె ఇళ్ళే. ఇరవై రెండేళ్ళలో తల్లి ఫిలోమినా, టెస్మి పిలుపులో అమ్మచ్చి, ఒక్క చుట్టాన్ని కూడా భోజనానికి పిలవలేదు. ఇప్పుడు అందరినీ పిలిచింది. నిన్న ఆవిడ గేటు నుంచి గుమ్మానికి వస్తూ ఎర్రబురదలో జారిపడింది. అందరి ముందూ నవ్వేసి, లోపలికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. ఆదివారానికి ఆ గొయ్యి పూడకపోతే అమ్మచ్చి మళ్ళీ ఎవరినీ ఇంటికి పిలవదని టెస్మికి తెలుసు.

"తీసుకెళ్ళండి. అన్నీ మీవే," అన్నాడు డెల్సన్. అతని చెవులు ఎర్రబడ్డాయి. తప్పు తనది కాకపోయినా సిగ్గుపడే మగవాణ్ణి టెస్మి అంతకుముందు చూడలేదు. అతన్ని అలా చూస్తూ నిలబడ్డందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

సోమవారం ఇద్దరూ కలిసి ఐదుగురు మేస్త్రీల దగ్గరికి తిరిగారు. ఐదుగురిదీ ఒకటే మాట.

"అది లోనప్పన్ పరిచిన బండ. అది లోనప్పన్ తవ్విన గొయ్యి. ఆయన ఒక్క మాట చెబితే రెండు రోజుల్లో ముగిస్తాం. చెప్పకుండా మేం తాకం."

ఆ ఒక్క మాట కోసం లోనప్పన్ ఇంటికి వెళ్ళారు. ఆయన భార్య ఎల్సి వరండాలో పనసతొనలు ఒలుస్తోంది.

"ధ్యానానికి వెళ్ళారు అమ్మా, చర్చివాళ్ళ ప్రార్థన శిబిరానికి. ఫోను గేటు దగ్గరే తీసేసుకుంటారు. శుక్రవారం దాకా ఎవరితోనూ మాట్లాడకూడదు."

"లోపలికెళ్ళి ఒక్క మాట అడిగి వచ్చేస్తాం చేచ్చీ, మా అక్కవి కదూ," అంది టెస్మి.

"ధ్యానం కూర్చునేవాళ్ళనే లోపలికి రానిస్తారు. బుధవారం కొత్తవాళ్ళ పేర్లు రాసుకుంటారు."

టెస్మి, డెల్సన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాటలు నిషేధించిన చోటికి వెళ్ళి దాక్కున్నాడు లోనప్పన్. వాళ్ళకి కావలసిందేమో ఆయన నోటి నుంచి ఒక్క మాట.

"మీకు సెలవు దొరుకుతుందా?" అని అడిగింది టెస్మి.

"ఆవులు ఒప్పుకుంటే."

బుధవారం పొద్దున్నే ఇద్దరూ పేర్లిచ్చి, ఫోన్లిచ్చి లోపలికి వెళ్ళారు. రేకుల కప్పు కింద మూడు వేలమంది, ఎడమవైపు మగవాళ్ళు, కుడివైపు ఆడవాళ్ళు. పైన వాన హోరు. ముందు వరసలో చేతులెత్తి, కళ్ళు మూసుకుని లోనప్పన్. ఎన్ని వాకిళ్ళు తవ్వి వచ్చాడో తెలియనంత ప్రశాంతంగా ఉంది ఆయన మొహం.

మధ్యాహ్నం గంజీ పెసలకూరా వడ్డించే వరసలో డెల్సన్ ఆయన వెనకే నిలబడి ఒక చీటీ, పెన్సిలు చేతిలో పెట్టడం టెస్మి దూరం నుంచి చూసింది. కాసేపటికి డెల్సన్ ఇటు తిరిగాడు. టెస్మి కనుబొమలెగరేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె గంజి గిన్నె పక్కన పెట్టేసింది.

గురువారమూ అంతే. కనుబొమలు, అడ్డంగా తల. ఒక్క మాటకి ఇంత బెట్టా అని ఆమె కళ్ళు మూసుకుని లోనప్పన్‌ని దేవుడికి అప్పజెప్పింది. కళ్ళు తెరిచేసరికి అవతలి వైపు నుంచి డెల్సన్ చూస్తున్నాడు. పాట పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడుతున్నాడు. ఆమెకి నవ్వాగలేదు. కాపలా కాస్తున్న సిస్టర్ వచ్చి భుజం తట్టి వెళ్ళింది.

ఆ సాయంత్రం ప్రార్థన వదిలాక వాన దంచి కురిసింది. డెల్సన్ ఎక్కణ్ణుంచో గొడుగు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మాట లేకుండా తను తడుస్తూ వెళ్ళిపోయాడు. గొడుగు కింద నిలబడి టెస్మి నిజం ఒప్పుకుంది. ఇతనంటే తనకి ఇష్టం. ఇంటి ముందు గొయ్యి, మీదకొస్తున్న ఆదివారం, తనకేమో ఇలాంటి ఆలోచన. సిగ్గేసింది కూడా.

శుక్రవారం సాక్ష్యాలు చెప్పే రోజు. మారుమనసు పొందినవాళ్ళు మైకు ముందుకొచ్చి చెప్పుకోవచ్చు. మొట్టమొదట లేచింది లోనప్పన్.

"నేను ఇరవై ఏళ్ళుగా ఒక్క తోట కూడా సవ్యంగా పూర్తి చెయ్యలేదు," అన్నాడు. "తవ్వేటప్పుడు అందరూ టీ ఇస్తారు. పూర్తయిందంటే కళ్ళజోళ్ళు పెట్టుకుని వచ్చి తప్పులు వెతుకుతారు. ఆ భయంతో చివర్లో నా కాళ్ళు చల్లబడిపోతాయి. మరీ ఒత్తిడి చేస్తే ఒకళ్ళ బండలు తీసుకెళ్ళి ఇంకొకళ్ళ వాకిట్లో పరుస్తాను. అలా మోసపోయినవాళ్ళు ఇద్దరు ఇక్కడే ఉన్నారు. ఒకరు ఆ రోలు అమ్మాయి. ఇంకొకరు ఈ డాక్టరు బాబు. బుధవారం గంజి దగ్గరే బాబు చీటీ ఇచ్చాడు. అక్కడికక్కడే రాసిచ్చేశాను, రెండిళ్ళ పనీ ఎవరైనా చేసుకోవచ్చని. సంతకం కూడా పెట్టాను. మరి రెండు రోజులుగా ఈయన ఇంకా ఇక్కడెందుకు కూర్చున్నాడో దేవుడికే తెలియాలి."

మూడు వేల తలలు డెల్సన్ వైపు తిరిగాయి. టెస్మి మాత్రం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. బుధవారమే రాసిచ్చాడు. బుధవారమే. తను గంజి మింగలేక కూర్చున్నప్పుడు ఆ చీటీ ఇతని జేబులో ఉంది. రెండు రోజులు. పనివాళ్ళు అడిగిందీ సరిగ్గా రెండు రోజులే. అమ్మచ్చి ఏడుపు సంగతి తెలిసి కూడా తల అడ్డంగా ఊపాడు.

సభ ముగియగానే ఆమె ఫోను తీసుకుని బస్టాపుకి నడిచింది. ఫోనులో చార్జి లేదు. డెల్సన్ వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"టెస్మీ, ఒక్క మాట."

"మాట్లాడకూడదు కదా," అని బస్సెక్కేసింది. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏడ్చింది.

బస్సు దిగి ఇంటి ముందుకొచ్చి, వేరే ఇంటికి వచ్చాననుకుని ఆమె నాలుగడుగులు ముందుకి వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

గొయ్యి లేదు. గేటు నుంచి గుమ్మం దాకా నీలం ఛాయ బండలు పరిచి ఉన్నాయి, పక్కన నాయనమ్మ రోలు ఉంది. ఐదుగురు పనివాళ్ళు గడ్డి నాటుతున్నారు. గొడుగు పట్టుకున్న ఒక భారీ మనిషి వాళ్ళని అదిలిస్తోంది. ఫిలోమినా ఆవిడకి టీ గ్లాసు అందిస్తోంది.

"నీ ఫోను పలకలేదు," అంది ఫిలోమినా. "బుధవారం సాయంత్రమే ఈ రోసిలి చేచ్చి లోనప్పన్ చీటీ పట్టుకుని వచ్చింది. ధ్యానకేంద్రానికి పాలు పోసేవాడి ఆవుకి వాళ్ళబ్బాయే డాక్టరట. చీటీ పాల క్యానుతో పాటు బయటికొచ్చింది. వాళ్ళ వాకిలంతా పెకిలించి, లారీ చేసుకుని తెచ్చింది."

"మా ఇంటి పెళ్ళి అయిపోయిందిగా తల్లీ. మీ పండగ ముందుంది," అంది రోసిలి. అని టెస్మిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, సంతృప్తిగా టీ తాగింది.

టెస్మి వంగి ఒక బండని చేత్తో తడిమి చూసింది. అప్పుడే గేటు ముందు ఆటో ఆగి డెల్సన్ దిగాడు.

"రెండు రోజులు తల అడ్డంగా ఊపారు," అంది టెస్మి.

"ఔననుంటే మీరు ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయేవారు."

"వెళ్ళిపోయేదాన్నే."

"అందుకే."

"అమ్మచ్చి గురించి నేను పడ్డ బాధ?"

అతని మొహం వాడిపోయింది. "తప్పే. పని నడుస్తోంది కదా అనుకున్నాను గానీ, మీరెంత బాధపడుతున్నారో గురువారం సాయంత్రం మీ మొహం చూశాక గాని తట్టలేదు. ఫాదర్ గారి దగ్గర పాపం ఒప్పుకున్నాను. నా దగ్గర కాదు, ఆ అమ్మాయి దగ్గర ఒప్పుకో అన్నారు." ఒక్క అడుగు ముందుకేశాడు. "మీరంటే నాకు ఇష్టం టెస్మీ. దొంగసొత్తు అని నన్ను తిట్టినప్పటినుంచీ."

పనివాళ్ళు గడ్డి నాటడం ఆపేశారు. వరండాలో కూర్చున్న తండ్రి ఔసేప్పు లేచి వచ్చాడు.

"అబ్బాయి తల్లి వచ్చి మన ఇల్లు చూసింది. ఇక మనం వెళ్ళి వాళ్ళ ఇల్లు చూడాలి. సోమవారం వెళ్దాం."

అమ్మాయి తరఫువాళ్ళు అబ్బాయి ఇల్లు చూడటానికి వెళ్ళారంటే, ఆ ఊళ్ళలో సంబంధం సగం కుదిరినట్టే. అంతసేపూ ధైర్యంగా నిలబడ్డ డెల్సన్ ఆ మాటతో కంగారుపడిపోయాడు.

"సోమవారమా? మా వాకిట్లో ఇప్పుడు ఒక్క బండ లేదు. అంతా గొయ్యి. ఒక్క నెల ఆగండి, చక్కగా చేయించి పిలుస్తాను."

"నువ్వేం బెంగ పెట్టుకోకు బాబూ," అంటూ అదే ఆటోలోంచి సంచీతో లోనప్పన్ దిగాడు. "ఇప్పుడు నేను మారిన మనిషిని. రేపు పొద్దున్నే జేసీబీ తెస్తాను."

"వద్దు," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

టెస్మి డెల్సన్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నెల ఆగేది లేదు. సోమవారమే వస్తాం, బురదలోంచే నడిచి వస్తాం. నేను చూడ్డానికి వచ్చేది మీ వాకిలిని కాదు," అంది.