లచ్చు తాగిన శాంపిల్

జగదల్‌పూర్ స్టేషన్ దగ్గరి లాడ్జి గదిలో చీఫ్ రామ్మూర్తి బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు.

"విదేశీ ముఠా. బాస్ పేరు మార్కో. ఇప్పసారాలో ఏదో పొడి కలిపి సంతల్లో వదలబోతున్నాడు. నువ్వు వాడి డిస్ట్రిబ్యూటర్‌గా చేరు. శాంపిల్ మాత్రం ఎవరి నోటికీ చేరకూడదు. లోపల మన డబుల్ ఏజెంట్ కరుణశ్రీ ఉంది. కోడ్, 'పువ్వు ఎండిందా?'"

"జవాబు?"

"'ఇంకా తడిగానే ఉంది.'"

ఏజెంట్ చినబాబు రైల్వే గార్డు కొడుకు, కిరండూల్ రైలు మార్గం పక్కనే పెరిగాడు. ఇప్పపువ్వు వ్యాపారి వేషంలో ఆవపల్లి సంతలో దిగాడు. మార్కో ముఠా పంచమని ఇచ్చిన శాంపిల్ సీసాలతో పాటు, సంచిలో అచ్చం అలాంటివే మంచి సారా సీసాలున్నాయి. మార్చడం క్షణం పని. కానీ మార్కో మనిషి పక్కనే నిలబడి చూపు తిప్పలేదు. కవర్ పోతే మిషన్ పోతుంది. లచ్చు అనే రైతు చెయ్యి చాచాడు. చినబాబు అసలు శాంపిలే ఇచ్చేశాడు.

మరుసటి సంతలో లచ్చు భార్య, పేరు గంగే, అతన్ని నిలదీసింది.

"ఏంది అన్నా ఆ సారా? మా ఆయన డోలు ముడుతలేడు. పిల్ల నవ్వినా చూస్తలేడు. తాగినా సంబురం లేదంటడు. అయినా ఇంకో సీసా తెమ్మంటడు!"

చినబాబు సంచి భుజాన వేసుకుని అక్కణ్ణుంచి కదిలాడు.

ఉసూర్ బయట మార్కో సరుకు దాచిన రేకుల షెడ్డు. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో కరుణశ్రీ ఎదురొచ్చింది.

"పువ్వు ఎండిందా?"

"ఇంకా తడిగానే ఉంది. ఆ పొడి ఏం చేస్తుంది?"

"మామూలు మందు తాగగానే మెదడులో ఆనందాన్నిచ్చే డోపమైన్ పొంగుతుంది. రోజూ తాగేవాడికి ఆ పొంగు తగ్గిపోతుంది. ఈ పొడి ఇంకా ముందే దెబ్బకొడుతుంది. తిండిలో వచ్చే టైరోసిన్ ముందు ఎల్-డోపాగా, తర్వాత డోపమైన్‌గా మారాలి. ఆ మొదటి మెట్టునే మూసేస్తుంది. పోయిన ఆనందం కోసం జనం సీసా మీద సీసా కొంటారు."

"విరుగుడు?"

"ఎల్-డోపా మాత్రలు. మూసిన మెట్టుతో వాటికి పని లేదు. ఒక్క షీటే దొరికింది, నీకోసం." అతని జేబులోకి జార్చింది.

అప్పటికే డ్రమ్ములు ట్రక్కెక్కాయి. పోలీసులు ఇంకా దారిలోనే ఉన్నారు. మార్కో నవ్వుతూ గ్లాసు చాచాడు.

"నా సరుకు నువ్వెందుకు తాగవు?"

చినబాబుకు లచ్చు చాచిన చెయ్యి కళ్లముందు మెదిలింది. గటగటా తాగేశాడు. "ఇంకోటి పొయ్యండి."

మార్కో చూపంతా అతని మీదే. వెనక కరుణశ్రీ ట్రక్కులోని డ్రమ్ముల కుళాయిలు ఒక్కొక్కటే తిప్పేసింది. సారా నేలపాలైంది. వాసనకు మార్కో గిర్రున తిరిగి ఆమెకు పిస్టల్ గురిపెట్టాడు. చినబాబు గ్లాసు వాడి ముఖానికి విసిరాడు. పేలిన గుండు పైకప్పుకు తగిలింది. అదే క్షణాన పోలీసులు లోపలికి దూసుకొచ్చారు.

మాత్రల షీటు చినబాబు తన కోసం విప్పలేదు. డాక్టరును వెంటబెట్టుకుని లచ్చు ఇంటికి తీసుకెళ్లాడు. కొన్నాళ్లకు లచ్చు మళ్లీ డోలు అందుకున్నాడు. ఆ చప్పుడు వింటున్నా చినబాబు లోపల ఏమీ కదల్లేదు, తప్పు చేసిన బాధ ఒక్కటి తప్ప.

"అక్కా, ఆ సారాలో విషముందని తెలిసే ఇచ్చాను."

గంగే వాకిలి వైపు చెయ్యి చూపింది. "మందు తెచ్చినవ్, మంచిది. ఇగ మా గడప తొక్కకు."

బయటికి రాగానే ఫోన్ మోగింది. రామ్మూర్తి.

"కంగ్రాట్స్! పైవాళ్లంతా మహా సంతోషంగా ఉన్నారు. మరి నువ్వు?"

"నా దగ్గర స్టాక్ లేదు సార్," అన్నాడు చినబాబు.